మా చిన్న ఊళ్ళో ఫ్యునరల్ హోమ్ (అంత్యక్రియలు జరిపించే చోటు) మూసేస్తున్నారు, దాని చరిత్ర రెండు పేజీలు రాయాలి, తెలిసినవాళ్ళు చెప్పండి (ఇండియానా)

కృష్ణాతీరం_ఇండియానా:

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి.

మేం ఉండేది ఇండియానాలో, గ్రీన్స్‌బర్గ్ దగ్గర ఒక చిన్న ఊరు. మావారు కమిన్స్ కంపెనీలో చేస్తారు, ఆఫీసు కొలంబస్‌లో, ఇళ్ళు ఇటువైపు చవకని ఇటొచ్చి ఏడేళ్ళయింది. గ్రీన్స్‌బర్గ్ అంటే కోర్టు గోపురం మీద చెట్టు మొలిచిన ఊరు, అటు వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు. మా ఊరికి అంత పేరు కూడా లేదు, ఒక మెయిన్ స్ట్రీటు, రెండు చర్చిలు, ధాన్యం పోసే ఎలివేటరు, లైబ్రరీ, ఒక ఫ్యునరల్ హోమ్, అంతే.

మొన్న చలికాలం కాదు, దానికి ముందు చలికాలం, మా నాన్నగారు మా దగ్గర ఉండగా పోయారు. ఆరు నెలలకని వచ్చారు, నాలుగో నెలలో నిద్రలోనే వెళ్ళిపోయారు. 911కి చేశాం, కరోనర్, అంటే చావుకి కారణం తేల్చే కౌంటీ అధికారి, వచ్చి చూసి వెళ్ళాక తెల్లవారుఝామున మూడింటికి ఫ్యునరల్ హోమ్ ఆయన వచ్చారు. బయట మోకాలెత్తు మంచు. డెబ్భై దాటిన మనిషి, ఆ వేళప్పుడు సూటూ టై కట్టుకుని వచ్చారు. గుమ్మం దగ్గర మా చెప్పుల స్టాండు చూసి ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పి లోపలికొచ్చారు. మీ పద్ధతులు నాకు తెలియవమ్మా, మీరు చెప్పండి నేను చేస్తాను అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

నాన్నకి నేనొక్కదాన్నే. స్నానం చేయించాలి, పంచె కట్టించాలి అంటే వెనకగది ఇచ్చారు, వేడినీళ్ళు ఆయనే బకెట్లతో మోసుకొచ్చారు. నువ్వులు, బియ్యం కిందపడితే కార్పెట్ పాడవుతుందేమోనని మేం మొహమాటపడుతుంటే కార్పెట్ ఉతుక్కోవచ్చు, మీరు కానివ్వండి అన్నారు. ఇండియానాపోలిస్ నుంచి పంతులుగారు వచ్చారు, కొలంబస్ నుంచి తెలుగువాళ్ళు ఆ మంచులో పద్నాలుగు మంది వచ్చారు. నేను అనుకోనిదేంటంటే ఊళ్ళోవాళ్ళు కూడా వచ్చారు, పక్కింటి పెద్దావిడ, లైబ్రరీ ఆవిడ, పోస్టాఫీసాయన. నాన్నతో వాళ్ళకి పరిచయం అంటే ఆయన రోజూ సాయంత్రం కండువా కప్పుకుని మెయిన్ స్ట్రీట్‌లో నడిచేవారు, చెయ్యెత్తి పలకరించేవారు, అంతమాత్రమే. దహనం ఇంకో ఊళ్ళో, అక్కడ బటన్ నేనే నొక్కాను. అస్థికలు మార్చిలో తీసుకెళ్ళి బెజవాడలో కృష్ణలో కలిపాం.

ఇప్పుడు సంగతేంటంటే ఆయన వచ్చే వేసవికి ఆ ఫ్యునరల్ హోమ్ మూసేస్తున్నారు. పిల్లలు సిటీల్లో స్థిరపడ్డారు, ఎవరూ వచ్చి నడపరు. కౌంటీ హిస్టారికల్ సొసైటీ వాళ్ళు ఊరివాళ్ళని జ్ఞాపకాలు రాసిమ్మన్నారు, అన్నీ కలిపి చిన్న పుస్తకం వేస్తారట, లైబ్రరీ ఆవిడ నన్ను కూడా రాయమంది. నాన్న సంగతి నేను రాయగలను, ఆ చోటు సంగతే నాకు తెలీదు. మెయిన్ స్ట్రీట్‌లో ఇప్పుడు పిజ్జా షాపున్న పాత ఇటుక బిల్డింగు పక్కగోడ మీద వెలిసిపోయిన పెయింటు అక్షరాలున్నాయి, ఫర్నిచర్ అండ్ అండర్‌టేకింగ్ అని, వీళ్ళ ఇంటిపేరుతోనే. మంచాలు, కుర్చీలు అమ్మే కొట్టుకీ చావుకీ ఏంటి సంబంధం? ఇప్పుడున్నదేమో బురుజూ పెద్ద వరండా ఉన్న పాతకాలం బంగళా, ఇంత ఇల్లు దీనికోసమే కట్టారా? ఊళ్ళో చర్చి భోజనాలకీ స్కూలు ఫంక్షన్లకీ వాడే మడత కుర్చీల వెనక కూడా వీళ్ళ పేరే ఉంటుంది. నాన్న రోజు నేను కూర్చున్న కుర్చీ, మా అమ్మాయి స్కూల్లో పాట పాడిన రోజు నేను కూర్చున్న కుర్చీ ఒకటే రకం అని తర్వాతెప్పుడో గమనించాను. ఇలాంటివి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

—

బేట్స్‌విల్_పాతకాపు:

నమస్తే అండి, నాన్నగారి గురించి చదువుతుంటే మనసు కలుక్కుమంది.

మీకు దగ్గర్లోనే, బేట్స్‌విల్‌లో నేను 11 ఏళ్ళు పనిచేశాను, హాస్పిటల్ బెడ్ల కంపెనీలో. ఆ ఊరి చరిత్రలోనే మీ మొదటి ప్రశ్నకి జవాబుంది. సిన్సినాటి నుంచి ఇండియానాపోలిస్‌కి రైలు దారి పడుతున్న రోజుల్లో 1852లో పుట్టిన ఊరది, చుట్టూ దట్టమైన అడవి, వాల్‌నట్, ఓక్, పాప్లర్, చెర్రీ లాంటి గట్టి కలప, వచ్చి స్థిరపడ్డవాళ్ళలో ఎక్కువమంది జర్మన్లు, చెక్కపని తెలిసినవాళ్ళు. కలపుంది, చేతులున్నాయి, సరుకు పంపడానికి రైలుంది, ఇంకేం కావాలి, ఫర్నిచర్ ఫ్యాక్టరీలొచ్చాయి. వాటితోపాటే 1884లో శవపేటికల కంపెనీ మొదలైంది, 1906లో హిలెన్‌బ్రాండ్ కుటుంబం దాన్ని కొంది. తర్వాత అదే బేట్స్‌విల్ కాస్కెట్ అయి దేశంలో అందరికంటే పెద్దదైంది. నేను చేసిన హాస్పిటల్ బెడ్ల కంపెనీ హిల్‌రామ్ కూడా ఆ కుటుంబమే 1929లో పెట్టింది. మనిషి జబ్బుపడితే పడుకునే మంచం, పోయాక పడుకునే పెట్టె రెండూ ఒకే ఊరి నుంచి వెళ్ళేవి. నాకు అక్కడున్నన్నాళ్ళూ ఇది ఆలోచించినప్పుడల్లా ఒళ్ళు గగుర్పొడిచేది. ఇప్పుడు రెండూ ఆ కుటుంబం చేతిలో లేవు, బెడ్ల వైపు బ్యాక్స్‌టర్ 2021లో కొనేసింది, పేటికల వైపు 2023లో ఇంకొక పెట్టుబడి సంస్థకి అమ్మేశారు.

ఇక ఫర్నిచర్ కొట్టు సంగతి. రైళ్ళు రాకముందు ఊళ్ళో ఎవరైనా పోతే పెట్టె కావాలి, ఎవరు చేస్తారు, మంచాలు బల్లలు చేసే వడ్రంగే చెయ్యాలి. కొలత తీసుకుని రాత్రికి రాత్రి చేసిచ్చేవాడు. ఆ కొలత తియ్యడానికి ఇంటికెళ్ళినవాడే మెల్లగా బండి మాట్లాడ్డం, గుంట తవ్వేవాళ్ళని పిలవడం, పాస్టర్‌కి కబురు పెట్టడం కూడా నెత్తినేసుకున్నాడు. అండర్‌టేకర్ అంటే పని భుజానేసుకునేవాడు అనే అర్థం, మొదట్లో చావుకి సంబంధించిన మాటే కాదది. తర్వాత ఫ్యాక్టరీ పెట్టెలు రైల్లో రావడం మొదలయ్యాక వడ్రంగం పోయింది గానీ కొట్టు మిగిలింది, కింద సోఫాలు, మేడమీద పేటికలు. మిడ్‌వెస్ట్ అంతా ఇదే కథ, ఎన్ని ఊళ్ళలో చూసినా ఫర్నిచర్ అండ్ అండర్‌టేకింగ్ అన్న గోడ ఒకటి కనబడుతుంది. గుర్రబ్బళ్ళు అద్దెకిచ్చేవాళ్ళు కూడా కొన్నిచోట్ల ఇందులోకొచ్చారు, శవం మోసే బండి వాళ్ళ దగ్గరే ఉండేది కాబట్టి.

ఇంకొకటి, కాఫిన్ వేరు కాస్కెట్ వేరు, మీరు రాసేటప్పుడు జాగ్రత్త. కాఫిన్ అంటే భుజాల దగ్గర వెడల్పుగా ఉండి కాళ్ళవైపు సన్నబడే ఆరు పలకల పెట్టె. కాస్కెట్ అంటే నాలుగు పలకలది. కాస్కెట్ అనే మాట అంతకుముందు నగలు దాచుకునే పెట్టెకి వాడేవాళ్ళు. పోయిన మనిషిని నగలా చూసుకోవాలి అన్న భావన అమెరికాలో అంతర్యుద్ధం రోజుల్లో బలపడింది, మాట కూడా అప్పుడే మారింది.

వీలైతే ఓల్డెన్‌బర్గ్ వెళ్ళి రండి, బేట్స్‌విల్ పక్కనే, చర్చి శిఖరాల ఊరంటారు. అక్కడి పాత సమాధిరాళ్ళ మీద జర్మన్‌లో చెక్కి ఉంటుంది, హియర్ రూట్ అని, ఇక్కడ విశ్రమించెను అని అర్థం.

—

ఓరుగల్లు_ఒహైయో:

అక్కా మీ పోస్ట్ రెండుసార్లు చదివిన. నేను ఇక్కడ మా కౌంటీ లైబ్రరీల లోకల్ హిస్టరీ రూమ్‌ల శనివారాలు వాలంటీర్ పని చేస్త, ఇసొంటి పాత బిల్డింగుల కత వెతకడమే నా పని, అందుకే చెప్తున్న.

మొదలు శాన్‌బోర్న్ మ్యాపులు చూడున్రి. 1867 నుంచి ఫైర్ ఇన్సూరెన్స్ కంపెనీల కోసం ఊరూరు తిరిగి ఒక్కొక్క బిల్డింగు గీసిన్రు, ఇటుకది గులాబీ రంగు, కట్టెది పసుపు రంగు, లోపల ఏం నడుస్తదో కూడ రాసిన్రు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌ల స్కాన్ చేసి పెట్టిన్రు, పైసల్లేకుండ చూడొచ్చు. మీ పిజ్జా షాపు బిల్డింగు మీద ఒక ఏడాది మ్యాప్‌ల ఫర్నిచర్ అని ఉంటది, ఇంకో ఏడాది మ్యాప్‌ల అండర్‌టేకర్ అని కూడ కలుస్తది, బంగళా ఏమో ఒక మ్యాప్‌ల ఉట్టి ఇల్లు అని ఉండి తర్వాతి దాంట్ల మారుతది. గట్ల ఏ ఏండ్ల నడుమ మారిందో దొరికిపోతది.

తర్వాత పేపర్లు. ఇండియానాకు హూజియర్ స్టేట్ క్రానికల్స్ అని ఆన్‌లైన్‌ల పాత పేపర్లున్నయి, దాంట్ల లేనియి ఇండియానాపోలిస్‌ల స్టేట్ లైబ్రరీల మైక్రోఫిల్మ్ మీద దొరుకుతయి. వార్తలే కాదు అక్కా, యాడ్లు చూడున్రి, అసలు ఊరు యాడ్లల్లనే ఉంటది. రాత్రైనా పగలైనా పిలవచ్చు, టెలిఫోన్ నంబర్ గింత అని రెండంకెల నంబర్ వేసిన యాడ్లు నేను మస్తు చూసిన. ఫోర్ట్ వేన్‌ల అలెన్ కౌంటీ లైబ్రరీ జీనియాలజీ సెంటర్, అంటే వంశాల చరిత్ర వెతికే చోటు ఉన్నది, దేశంలనే పెద్దయాట్లల్ల ఒకటి, దూరమే గని ఒక్కరోజు పెట్టుకొని పోతే మీ కౌంటీ పుస్తకాలన్ని ఒక్కకాడ దొరుకుతయి.

ఇప్పుడు అసలు మాట, దీనికోసమే రాసిన. ఆ ఫ్యునరల్ హోమ్‌ల పాత లెడ్జర్లు ఉంటయి, కచ్చితంగ అడుగున్రి. ఇండియానాల చావుల రిజిస్టర్ కౌంటీల వాళ్ళు పెట్టుడు షురువైందే 1882ల, రాష్ట్రం మొత్తానికి 1899 ఆఖర్ల. అంతకుముందుయి, తర్వాత కూడ రిజిస్టర్‌ల తప్పిపోయినయి, అండర్‌టేకర్ పుస్తకంల దొరుకుతయి. మనిషి పేరు, ఏడ పుట్టిండు, అమ్మా నాయిన ఎవరు, ఏ చర్చి, ఏ స్మశానం, పెట్టె ఏది, ఎంతైంది, ఎవరు కట్టిన్రు. ఇక్కడ మా కౌంటీ పుస్తకం ఒకటి నేను కంప్యూటర్‌ల ఎక్కించిన, పుట్టిన ఊరు అన్న గడిల ప్రష్యా, బవేరియా, ఐర్లాండ్, కెంటకీ, వర్జీనియా అని పేజీలకు పేజీలు. పైసలకు బదులు మక్కజొన్నలు ఇచ్చిన్రు, పంది ఇచ్చిన్రు అని రాసినయి కూడ ఉన్నయి. పసిపిల్లలయి అయితే లెక్క రాసి ఎదురుంగ ఏం తీసుకోలేదు అని గీత కొట్టిండు ఆయన. 1918 అక్టోబర్ పేజీలు ఎక్కిస్తుంటే నాకు చెయ్యి ఆడలేదు అక్కా, ఫ్లూ టైమ్ అది, ఒకే ఇంటిపేరు మల్ల మల్ల వస్తది.

మూసేటప్పుడు ఇవి చాలసార్లు చెత్తల పోతయి, లేకుంటే వేలంల ఎవరో కొనుక్కపోతరు. వేరే ఫ్యునరల్ హోమ్ కొంటే వాళ్ళకాడికి పోతయి. మీరు ఆ పెద్దాయనతోని ఇప్పుడే మాట్లాడున్రి, లైబ్రరీకి గని హిస్టారికల్ సొసైటీకి గని ఇయ్యమనున్రి, మొన్నమొన్నటి సంవత్సరాలయి కొన్నేండ్లదాక తెరవద్దు అని షరతు పెట్టుకోవచ్చు, కుటుంబాల గుట్టు కదా. విసనకర్రలు, క్యాలెండర్లు కూడ ఉంటె దాచిపెట్టమనున్రి. ఏసీలు లేనప్పుడు చర్చిలల్ల ఊపుకోనీకి అట్ట విసనకర్రలు ఫ్యునరల్ హోమ్ వాళ్ళే పంచేటోళ్ళు, ఎన్కకు వాళ్ళ పేరు, నంబర్. మన తాన కిరాణ కొట్టోళ్ళు సంక్రాంతికి ఎంకటేశ్వరసామి క్యాలెండర్ ఇస్తరు చూడు, గట్లనే.

—

విజ్జి_సిన్సినాటి:

ఎవర్నీ నొప్పించాలని కాదు, మా ఇంట్లో పెద్దవాళ్ళు ఇలాంటి మాటలు ఎత్తనిచ్చేవాళ్ళు కాదు, అందుకే అడుగుతున్నా, ఇంత లోతుగా అవసరమా? మాకు పోయినేడు ఇల్లు చూస్తుంటే రియల్టర్ ఒక పాత ఫ్యునరల్ హోమ్ చూపించింది, విశాలమైన గదులు, చెక్క మెట్లు, రేటు కూడా తక్కువ, కానీ మా అత్తయ్యగారు గుమ్మం దాటలేదు, నాకూ లోపలంతా బరువుగా అనిపించింది. శవాలు ఉంచిన ఇల్లు కదా అని.

—

గుంటూరు_డాక్టరు_ఇల్లినాయ్:

విజ్జి గారూ, మీ అత్తయ్యగారి భయం నాకర్థమవుతుంది, మా అమ్మ కూడా అలాగే అనేది. అయితే ఒక మాట చెప్పనివ్వండి. వందా నూట యాభై ఏళ్ళ కిందట ఈ మిడ్‌వెస్ట్‌లో శవం ఉంచని ఇల్లే లేదు. మన పల్లెల్లో వసారాలో పడుకోబెట్టినట్టే ఇక్కడ ముందుగదిలో, పార్లర్ అనేవాళ్ళు, అక్కడే పడుకోబెట్టేవాళ్ళు. ఇంటి ఆడవాళ్ళే స్నానం చేయించేవాళ్ళు. చుట్టుపక్కలవాళ్ళు రాత్రంతా జాగారం చేసేవాళ్ళు. ఎండాకాలమైతే కింద ఐసు పెట్టేవాళ్ళు. కాబట్టి మీరు కొనే పాత ఇల్లు ఏదైనా సరే అందులో ఎవరో ఒకరు పడుకునే ఉంటారు.

మారింది అంతర్యుద్ధంతో. 1861 నుంచి 65 దాకా లక్షలమంది కుర్రాళ్ళు ఇంటికి దూరంగా చనిపోయారు, కనీసం దేహాన్నైనా ఇంటికి పంపండని తల్లిదండ్రులు అడిగారు, అలా ఎంబామింగ్, అంటే దేహం పాడవకుండా మందులెక్కించడం, వ్యాపించింది, అదీ డబ్బున్నవాళ్ళకే. తర్వాత అధ్యక్షుడు లింకన్ హత్య. 1865 ఏప్రిల్ 21న ఆయన దేహంతో వాషింగ్టన్‌లో బయల్దేరిన రైలు 1,600 మైళ్ళకి పైగా తిరిగి మే 3న మా ఇల్లినాయ్ స్ప్రింగ్‌ఫీల్డ్ చేరింది. మీ ఇండియానాపోలిస్‌లో ఏప్రిల్ 30, ఆదివారం, వానలో జనం బారులు తీరి చూశారు. దేహాన్ని అన్ని రోజులు నిలపొచ్చని మామూలు జనం కళ్ళారా చూసింది అప్పుడే. ఆ తర్వాత ఎంబామర్ పెట్టె పట్టుకుని ఇళ్ళకే వచ్చేవాడు. 1882 నాటికి వీళ్ళందరికీ జాతీయ సంఘం కూడా ఏర్పడింది, అండర్‌టేకర్ పోయి ఫ్యునరల్ డైరెక్టర్ అనే మాట వచ్చింది.

అమ్మా, ఇప్పుడు మీ బంగళా. చాలా ఊళ్ళలో జరిగింది ఇది, మీ ఊళ్ళోనూ ఇదే అయ్యుంటుంది, మ్యాపులో చూసి ఖాయం చేసుకోండి. 1920ల తర్వాత కొత్త ఇళ్ళు చిన్నవయ్యాయి, ముందుగది పోయింది, చనిపోవడం కూడా ఇంట్లోంచి ఆస్పత్రికి మారింది. మరోవైపు పందొమ్మిదో శతాబ్దంలో ఊళ్ళో బ్యాంకరో మిల్లు యజమానో కట్టుకున్న పెద్ద బంగళాలు వారసులు మోయలేక అమ్మకానికొచ్చాయి. వెడల్పు తలుపులు, పెద్ద హాలు, కారు గుమ్మం దాకా వచ్చే పందిరి, ఇవన్నీ అండర్‌టేకర్‌కి సరిగ్గా సరిపోయాయి. కింద ఫ్యునరల్, పైన ఆయన సంసారం. ఆ పిల్లలు మేడమీద చప్పుడు చెయ్యకుండా నడవడం నేర్చుకుని పెరిగారు. హోమ్ అనే మాట పేరుకి పెట్టింది కాదు, నిజంగా అది ఇల్లే.

నేను 1974లో సెంట్రల్ ఇల్లినాయ్‌లో నాలుగు వేల జనాభా ఊరికి వచ్చాను. మొదటి వారంలో ఎమర్జెన్సీ గుమ్మం ముందు శవాల బండి ఆగింది, గుండెపోటు కేసు, మనిషి బతికే ఉన్నాడు. నేను కంగారుపడిపోయాను. నర్సు చెప్పింది, డాక్టర్, మన ఊరి అంబులెన్స్ ఇదే అని. అప్పట్లో మనిషి కాళ్ళు చాపుకుని పడుకోగల పొడుగు కారు ఊరిమొత్తానికి ఫ్యునరల్ హోమ్‌లోనే ఉండేది, రాత్రింబవళ్ళు ఫోనెత్తే మనిషి కూడా అక్కడే ఉండేవాడు. పైన ఎర్రలైటు తగిలిస్తే అంబులెన్సు, తీసేస్తే శవాల బండి. 1966లో నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ఇచ్చిన రిపోర్టు ప్రకారం దేశంలో దాదాపు సగం అంబులెన్స్ సర్వీసులు వీళ్ళే నడిపారు. ఆ రిపోర్టు వల్లా 1973లో వచ్చిన అత్యవసర వైద్య సేవల చట్టం వల్లా శిక్షణ, పరికరాలు తప్పనిసరి అయ్యాయి, వీళ్ళు ఒక్కొక్కళ్ళే తప్పుకున్నారు. మా ఊరి ఫ్యునరల్ హోమ్ ఆయన దాని మీద డబ్బు సంపాదించింది లేదు, పెట్రోలు ఖర్చు కూడా వచ్చేది కాదు. అవతలివాడు బతకాలనే కారు పోనిచ్చేవాడు, నేను పక్కన కూర్చుని చూశాను. చాలా కౌంటీల్లో ఎన్నికైన కరోనర్ కూడా ఫ్యునరల్ డైరెక్టరే అయ్యేవాడు, ఇప్పటికీ కొన్నిచోట్ల అంతే.

దహనం గురించి కూడా రాయండి, మన సంబంధం ఒకటుంది. ఈ దేశంలో ఆధునిక పద్ధతిలో మొదటి దహనం 1876 డిసెంబర్ 6న పెన్సిల్వేనియాలో వాషింగ్టన్ అనే చిన్న ఊళ్ళో, లెమోయిన్ అనే డాక్టరు సొంతంగా కట్టించుకున్న కొలిమిలో జరిగింది. దహనమైన మనిషి బారన్ డి పామ్, దివ్యజ్ఞాన సమాజం సభ్యుడు, దగ్గరుండి జరిపించింది ఆ సమాజం పెట్టినవాళ్ళలో ఒకరైన కర్నల్ ఆల్కాట్. ఆ సమాజమే తర్వాత అడయారు వచ్చింది, మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని చేరదీసింది వాళ్ళే. మన పద్ధతి అని మనం అనుకునేది ఇక్కడ పాదం మోపినప్పుడు ఊరు ఊరంతా గోల చేసింది, పేపర్లవాళ్ళు దిగారు. 1963లో వాటికన్ క్యాథలిక్కులకి అనుమతిచ్చేదాకా మీ ప్రాంతపు జర్మన్ ఊళ్ళలో దహనం మాటే ఉండేది కాదు. 1960లో నూటికి నలుగురు కూడా లేరు, ఇప్పుడు అరవై దాటింది. మీ ఫ్యునరల్ హోమ్ మూతపడ్డానికి పిల్లలు రాకపోవడం ఒక కారణమైతే ఇది ఇంకో కారణం, పేటిక అమ్మకం లేదు, జనం వచ్చి చివరిచూపు చూసుకునే రెండురోజుల విజిటేషన్ లేదు, ఊళ్ళో జనమూ తగ్గారు.

1981లో మా ఊళ్ళో మా నాన్నగారికి జరిపించాల్సి వచ్చింది. దహనానికి డెబ్భై మైళ్ళు వెళ్ళాం. ఆ ఊరి డైరెక్టరు దారిపొడవునా ఒక్క మాట మాట్లాడలేదు, తిరిగొచ్చాక మాత్రం, మీ నాన్నగారి పేరు నాకు సరిగ్గా పలకడం నేర్పించు డాక్టర్ అన్నాడు, పేపర్లో వేసేది కాదు, పలికేది. పదిసార్లు అన్నాడు. మీరు బూట్ల సంగతి రాస్తే నాకు అది గుర్తొచ్చింది.

—

నర్స్_ఫోర్ట్‌వేన్:

చరిత్ర పెద్దవాళ్ళు చెప్పేశారు, ఇది చదివే మిగతావాళ్ళకోసం పనికొచ్చేవి నేను చెప్తాను. 1984 నుంచి ఫెడరల్ ఫ్యునరల్ రూల్ ఉంది, అడిగితే రేట్ల కాగితం చేతికివ్వాలి, ఫోన్‌లో అడిగినా చెప్పాలి. నేరుగా దహనానికి పేటిక కొనక్కర్లేదు, మామూలు అట్టపెట్టె లాంటిది చాలు. ఎంబామింగ్ కూడా మామూలుగా చట్టప్రకారం తప్పనిసరి కాదు, మీకు వద్దనుకుంటే ముందే గట్టిగా చెప్పండి. చాలా రాష్ట్రాల్లో దహనానికి ముందు ఒకటి రెండు రోజులు ఆగాలి, పంతులుగారితో టైమ్ మాట్లాడుకునేముందు ఇది కనుక్కోండి. విమానంలో అస్థికలు తీసుకెళ్తే కలశం చెక్కదో ప్లాస్టిక్‌దో అయితే మేలు, లోహపుదైతే లోపల ఏముందో ఎక్స్‌రేలో కనబడదు, కనబడకపోతే చెకింగ్‌లో పంపరు. డెత్ సర్టిఫికెట్, క్రిమేషన్ సర్టిఫికెట్ దగ్గరుంచుకోండి, ఇండియానావాళ్ళకి కాన్సులేట్ పని చికాగోలో. పేరెంట్స్ వచ్చి ఉన్నప్పుడే ఊళ్ళో ఫ్యునరల్ హోమ్ ఎక్కడుందో ఒకసారి చూసి పెట్టుకోండి. నేను ఆస్పత్రిలో మనవాళ్ళని చూస్తుంటాను, ఆ రాత్రి ఫోన్ పట్టుకుని ఎవరికి చెయ్యాలో తెలీక వణికిపోతుంటారు.

—

కృష్ణాతీరం_ఇండియానా:

అందరికీ చేతులెత్తి దండం. వారం రోజులు జవాబివ్వలేదు, కారణముంది.

ఓరుగల్లు తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే శాన్‌బోర్న్ మ్యాపులు చూశాను, పిజ్జా షాపు బిల్డింగు గులాబీరంగులో ఉంది, ఫర్నిచర్ అని ఉంది, మా అమ్మాయి కూడా పక్కన కూర్చుని చూసింది. డాక్టరుగారు చెప్పినట్టే బంగళా మొదట్లో వేరేవాళ్ళ ఇల్లు. తర్వాత ధైర్యం చేసి పెద్దాయన దగ్గరికెళ్ళి లెడ్జర్ల సంగతి అడిగాను. ఆయన నవ్వి కిందకి తీసుకెళ్ళారు. ఇనప అలమరలో వరసగా ఉన్నాయి, తోలు అట్టవి కొన్ని, గుడ్డ అట్టవి కొన్ని. ఇన్నేళ్ళలో వీటి గురించి ఎవరూ అడగలేదట, వేలంలో వేసెయ్యాలనుకున్నారట. లైబ్రరీ ఆవిడని కూడా తీసుకెళ్ళాను, పాతవన్నీ లైబ్రరీకి ఇస్తానన్నారు, ఈమధ్యవి మాత్రం తాళం వేసి ఉంచాలన్నారు, ఆవిడ సరేనంది.

విజ్జి గారూ, మీరు అడిగింది తప్పేం కాదు. నేనూ నాన్న పోయేదాకా ఆ ఇంటి ముందు నుంచి వెళ్తూ తల తిప్పుకునేదాన్ని. ఇప్పుడు ఆ వరండా చూస్తే ఆ బకెట్లు మోసిన చేతులే గుర్తొస్తాయి.

కంప్యూటర్ వచ్చాక కూడా పెద్దాయన చేత్తో రాయడం మానలేదు, తండ్రి రాశారు, తాత రాశారు, అందుకని. చివరి పుస్తకం ఆయనే తీసి నాన్న వివరాలున్న పేజీ తెరిచి నా ముందు పెట్టారు. పేరు, తేదీ, చర్చి అన్న గడిలో హిందూ. స్మశానం అన్న గడిలో కృష్ణా నది, ఇండియా అని రాశారు, నేను మార్చిలో వెళ్తున్నానని చెప్పినట్టు కూడా నాకు గుర్తులేదు. పుట్టిన ఊరు అన్న గడిలో గుడివాడ, కానీ స్పెల్లింగ్‌లో ఒక అక్షరం ఎక్కువుంది. పైనా కిందా అన్నీ ఈ చుట్టుపక్కల ఊళ్ళే. నేను చూస్తున్నది గమనించి తప్పు రాశానా అన్నారు. ఒక అక్షరం అన్నాను. పెన్ను నా చేతికిచ్చి మీరే దిద్దండి అన్నారు. దిద్దాను.

రెండు పేజీలు ఈ నెలాఖరుకి ఇవ్వాలి, రాసి ఇక్కడ తెలుగులో కూడా పెడతాను. డాక్టరుగారూ, ఎర్రలైటు సంగతి మీ పేరు లేకుండా వాడుకోవచ్చా? మా ఊరి బండికి కూడా అలాంటి లైటే ఉండేదట, అది ఇంకా గ్యారేజీలో ఉందని పెద్దాయన చెప్పారు.